ఒక్క మెతుకు చాలు!

ఫోన్‌లో అవతలి గొంతు మర్యాదగానే ఉంది.

'సంతోషం అమ్మా. ఇంతకుముందు రాసినవేమైనా ఉంటే పంపించు, చూద్దాం.'

'చాలా రాశాను సార్.'

'అచ్చయ్యాయా?'

'లేదు సార్.'

'పోనీ, అచ్చుకు సిద్ధంగా ఉన్నవి?'

ఆ అమ్మాయి అల్మారా వైపు చూసింది. ఎనిమిది నోటుపుస్తకాలు. ఇంటర్ నుంచి ఎమ్మే దాకా రాసుకున్న కవితలు, డైరీ పేజీలు, సగంలో ఆగిపోయిన కథలు... అందులోంచి ఏది తీసి పంపాలో తెలియలేదు. 'పంపిస్తాను సార్' అని ఫోన్ పెట్టేసింది. ఆ పూట అన్నం సహించలేదు.

ఏ ఊళ్లోనైనా జరిగేదే ఇది. ప్రస్తుతానికి గుంటూరు అనుకుందాం. రెండు గదుల అద్దె ఇల్లు. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. తెలుగులో ఎమ్మే చేసిన కూతురు 'ఉద్యోగం కాదు నాన్నా, రాసి బతుకుతాను' అంటే ఆయన కాదనలేదు. అలాగని అవుననీ అనలేదు. 'ఆరు నెలలు చూడమ్మా. కుదరకపోతే ఆ ప్రైవేటు స్కూల్లో చేరిపో' అన్నాడు. స్కూలువాళ్లు ఇస్తామన్నది నెలకు తొమ్మిది వేలు. ఆ ఇంటికి అది చిన్న మొత్తమేం కాదు.

అలా మొదలైంది ఆరు నెలల గడువు.

నిజానికి ఆ సంపాదకుడు అడిగిందాంట్లో వింతేమీ లేదు. జాకెట్టు కుట్టించుకునేముందు టైలరు కుట్టిన మరో జాకెట్టు చూస్తాం. పెళ్లికి ఫొటోగ్రాఫర్ని మాట్లాడుకునేముందు పాత ఆల్బమ్ తిరగేస్తాం. వంటవాళ్లను కుదుర్చుకునేటప్పుడు 'ఇంతకుముందు ఎవరింట్లో చేశారు?' అని వాకబు చేస్తాం. రాసేవాళ్లకైనా అంతే. డిగ్రీ కాదు, మార్కులు కాదు, రాసింది చూపించాలి. అలా చూపించదగ్గ రచనలన్నీ ఒకచోట పెట్టుకుంటే అదే పోర్ట్‌ఫోలియో. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా... ఇదీ ఆ మెతుకే!

చిక్కల్లా ఆ మెతుకు కూడా లేనివాళ్లకే. పని దొరకాలంటే రాసినవి చూపించాలి. రాసినవి ఉండాలంటే ఎవరో ఒకరు పని ఇవ్వాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు. ఈ ముడి విప్పుకోలేకే చాలామంది కలం పక్కన పెట్టేస్తారు.

డైరీ వేరు... రచన వేరు!

మర్నాడు ఆ అమ్మాయి నోటుపుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చుంది. కొన్ని వాక్యాలు ఇప్పటికీ బాగానే ఉన్నాయనిపించింది. కానీ ఒక్కో పేజీ చదువుతుంటే ఓ సంగతి అర్థమైంది. ఆ పేజీలు తను తనకోసం రాసుకున్నవి. ఎదుట పాఠకుడనేవాడు లేడు. తెలియనివాడికి తెలిసేలా చెప్పాలన్న తాపత్రయం లేదు. ఫలానా పేజీలో పట్టాలి, ఫలానా రోజుకు అందాలి అన్న లెక్క అసలే లేదు.

నమూనా రచన చూసే సంపాదకుడు వెతికేది మాత్రం సరిగ్గా వాటినే. భాష బాగుందా అన్నది ఒక్కటే కాదు... ఇచ్చిన నిడివిలో ముగించగలరా, చెప్పాల్సిన విషయం మొదట్లోనే చెప్పారా, పేర్లూ అంకెలూ సరిచూసుకున్నారా, దిద్దడానికి ఎంతసేపు పడుతుంది? రోజుకు పదుల సంఖ్యలో రచనలు చూసే మనిషికి మూడో పేరా దాకా వెళ్లే ఓపిక ఉండాలంటే మొదటి రెండూ ఆయన్ని లాక్కెళ్లాలి.

అందుకే ఆ అమ్మాయి ఓ పని చేసింది. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి తను రాయాలనుకుంటున్న పత్రిక సంచికలు మూడు నెలలవి తీయించుకుంది. చదవడం కాదు, లెక్క రాసుకుంది. ఏ శీర్షిక ఎన్ని పదాలు ఉంటోంది? ఏది సిబ్బంది రాస్తున్నారు, ఏది బయటివాళ్లు రాస్తున్నారు? వ్యాసం ఎలా మొదలవుతోంది... సంఘటనతోనా, ప్రశ్నతోనా, అంకెతోనా? మూడు నెలల్లో ఏ అంశాలు వచ్చేశాయి? వారం రోజులు పట్టింది. అప్పటికి తెలిసొచ్చిందేమిటంటే, తను మనసులో అనుకున్న నాలుగు అంశాల్లో మూడు ఇప్పటికే వచ్చేశాయి. పంపి ఉంటే నేరుగా చెత్తబుట్టే!

ఎవరూ అడక్కపోయినా...

ముడి విప్పే దారి ఇక్కడే ఉంది. పని ఇచ్చేవాళ్లు లేకపోతే, ఇచ్చారనుకుని రాయడమే. అచ్చయిందా లేదా అన్నది తర్వాత సంగతి. అచ్చు వేయదగ్గట్టు ఉందా అన్నదే నమూనాకు కొలమానం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే ఒకేరకం వ్యాసాలు అయిదు రాస్తే లాభం లేదు. అయిదూ అయిదు పనులు చేయగలనని చెప్పాలి. ఆ అమ్మాయి వేసుకున్న జాబితా ఇలా ఉంది.

మొదటిది, ఊళ్లో తిరిగి రాసేది. గుంటూరులో ఉంటూ మిర్చి గురించి రాయకపోతే ఎలా? యార్డులో టిక్కీల గురించీ ధరల గురించీ రోజూ వార్తలొస్తాయి. వాళ్ల వీధిలోనే మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఓ ఇల్లాలు ఉంది. ఆమె గురించి రాయాలనుకుంది.

రెండోది, తెలియని విషయాన్ని విడమరిచి చెప్పేది. బ్యాంకు దివాలా తీస్తే అందులో దాచుకున్న డబ్బు ఏమవుతుంది? డిపాజిట్ బీమా పరిమితిని 2020 ఫిబ్రవరిలో లక్ష రూపాయల నుంచి 5 లక్షలకు పెంచారు. అయితే ఆ 5 లక్షలూ ఒక్కో ఖాతాకు కాదు, ఒక బ్యాంకులో ఒక మనిషికి. ఒకే పేరు మీద నాలుగు శాఖల్లో వేసినా అన్నీ కలిపే లెక్క. అసలూ వడ్డీ కలిపే లెక్క. ఈ నాలుగు వాక్యాలు రిటైరైన తండ్రికి ఒక్కసారి వినగానే అర్థమైతే వ్యాసం పాసైనట్టే. మొదటిసారి ఆయనకు అర్థం కాలేదు. మూడోసారి అయింది.

మూడోది, ముఖాముఖి. అందుకు పేరున్న సినిమా తార అక్కర్లేదు. తెనాలిలో సీసపు అక్షరాలు పేర్చిన ఓ పాతకాలపు కంపోజిటరు చాలు. కంప్యూటర్లొచ్చి ఆ పని పోయాక ఏం చేశాడు, ఇప్పటికీ తలకిందుల అక్షరాలు చదవగలడా అని అడిగితే రెండు పేజీల సరుకు దొరుకుతుంది.

నాలుగోది, అనువాదం. పక్కన ఇంగ్లిషు మూలం కూడా పెట్టాలి, లేకపోతే అనువాదం బాగుందో లేదో ఎవరికీ తెలియదు. ఎవరి రచన పడితే వారిది అనువదించి అచ్చుకు పంపకూడదు. మనదేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లదాకా కాపీరైటు ఉంటుంది. ఆ గడువు దాటినవాళ్ల రచనలు ఎంచుకుంటే ఏ పేచీ లేదు.

అయిదోది, వ్యాపారానికి పనికొచ్చే రాత. పక్కింటావిడ పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆమె కరపత్రంలో 'నోరూరించే రుచులు' అన్నమాట తప్ప ఇంకేం లేదు. ఏ పచ్చడి ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, ఏ నూనె వాడతారు, ఎంతకు ఎంత... నూటయాభై పదాల్లో తిరగరాసి ఇచ్చింది. ఆవిడ ఓ అరకిలో గోంగూర పచ్చడి, అయిదొందల రూపాయలు చేతిలో పెట్టింది. రాసి సంపాదించిన మొదటి డబ్బు. తల్లి ఆ నోటు తీసి దేవుడి పటం దగ్గర పెట్టింది.

వ్యాసంలో ఎవరూ లేరు!

అయిదింటిలో నాలుగు బాగానే వచ్చాయి. అన్నిటికన్నా సులువనుకున్న మొదటిదే మొండికేసింది. ఆ ఇల్లాలు పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి వెళ్తే చీకటిపడ్డాకే వస్తుంది. రెండుసార్లు వెళ్తే ఇంట్లో లేదు. అప్పటికి నెలన్నర గడిచిపోయింది. స్నేహితురాలు ఓ సలహా ఇచ్చింది. 'ఇంకా తిరుగుతున్నావా? ఏఐని అడుగు, రెండు నిమిషాల్లో రాసిచ్చేస్తుంది.'

అడిగింది. ఇచ్చేసింది! ఎర్రబంగారం, ఘాటు వెనక కన్నీళ్లు, శ్రమజీవుల చెమట... ఎక్కడా అక్షరదోషం లేదు. అటూ ఇటూ నాలుగు మాటలు మార్చి, ఆ అమ్మాయి దాన్ని మొదటి నమూనాగా పెట్టి సంపాదకుడికి పంపింది.

రెండ్రోజుల తర్వాత ఫోన్ మోగింది.

'బ్యాంకు వ్యాసం బాగుందమ్మా. కంపోజిటరు ఇంకా బాగున్నాడు. ఈ మిర్చి వ్యాసమే... సాయంత్రం ఇంటికొచ్చి బిడ్డను ఎత్తుకోగానే ఆమె అలసటంతా మరిచిపోతుందని రాశావు. ఆమె నీతో అలా చెప్పిందా?'

ఆ అమ్మాయి మాట్లాడలేదు.

'ఈ వ్యాసంలో తప్పేం లేదు. మనిషి కూడా లేదు. వెళ్లి ఆమెను కలిసి రా' అని ఆయన పెట్టేశాడు.

సిగ్గుతో ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారకముందే లేచి వీధి చివర నిలబడింది. ఆటోలో కూలీల మధ్య ఇరుక్కుని కోల్డ్ స్టోరేజీ దాకా వెళ్లింది. లోపల అడుగుపెట్టగానే తుమ్ములు. కళ్లవెంట నీళ్లు. ముక్కుకు కొంగు చుట్టుకుని వరసగా కూర్చున్న ఆడవాళ్లు, ముందు గుట్టలుగా కాయలు. ఒక్కో కాయ తొడిమ గిల్లి అవతల పడేస్తున్నారు. రోజు కూలి కాదు, తీసిన కిలోల లెక్కన కూలి. అందుకే ఎవరూ తలెత్తరు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు గరిటె తెచ్చుకున్నవాళ్లు గరిటెతో తింటారు, లేనివాళ్లు మంటతోనే తింటారు.

'పిన్నీ, ఇంటికెళ్లగానే పిల్లాణ్ని ఎత్తుకుంటావా?' అని అడిగింది.

ఆమె నవ్వింది. 'యాడ ఎత్తుకునేది? సబ్బెట్టి ఎంత రుద్దినా ఈ మంట పోదు. వాడి వంటికి తగిల్తే గుక్కపట్టి ఏడుస్తాడు. మా అత్తే ఎత్తుకుంటది. వాడు నిద్రపోయినాక పక్కన పడుకుంటా... అదీ చేతులు ఎనక్కి పెట్టుకుని.'

అంతే. వ్యాసం దొరికింది!

ఏఐ రాసిన వాక్యం నిజానికి పూర్తిగా తలకిందులని తేలింది. ఎత్తుకుంటే అలసట మరిచిపోవడం కాదు... అసలు ఎత్తుకోలేకపోవడమే ఆమె జీవితం. ఈ సంగతి గుంటూరులో ఆ వీధిలో ఆ ఇంటికి వెళ్లి అడిగినవాళ్లకు తప్ప మరొకరికి తెలిసే అవకాశం లేదు.

చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరులో. అప్పటినుంచీ కొత్తగా రాసేవాళ్లను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే... ఇక మనమెందుకు? దానికి జవాబు పోర్ట్‌ఫోలియోలోనే ఉంది. భాష తప్పుల్లేకుండా ఉండటం ఒకప్పుడు పెద్ద అర్హత. ఇప్పుడది ఎవరికైనా ఉచితంగా దొరుకుతోంది. దొరకనిది కళ్లతో చూసిన వివరం, చెవులతో విన్న మాట, కాలినడకన వెళ్లి సరిచూసుకున్న అంకె. నమూనాలో అవి ఉంటే మనిషి రాసిందని వేరే చెప్పనక్కర్లేదు. అక్షరదోషాలు చూసుకోవడానికో, మరోదానికో యంత్రం సాయం తీసుకుంటే ఆ ముక్క దాచకుండా చెప్పడం మర్యాద. దాచి పంపి, ఫోన్‌లో ఒక్క ప్రశ్నకు దొరికిపోతే ఆ పత్రిక తలుపు మళ్లీ తెరుచుకోదు. ఆ అమ్మాయి అదృష్టం... ఆ సంపాదకుడు మంచివాడు!

ఎన్నాళ్లు ఉచితం?

'ముందు రెండు మూడు ఊరికే రాసివ్వండి, తర్వాత చూద్దాం' అనేవాళ్లు కొత్తవాళ్లకు తప్పకుండా తగులుతారు. రాయాలా, వద్దా? నూటతొంభై ఏళ్లనాటి ఓ కుర్రాడి కథ దీనికి మంచి జవాబు చెబుతుంది.

లండన్‌లో ఓ షార్ట్‌హ్యాండ్ విలేకరి. వయసు 21. 1833లో ఓ చిన్న రచన చేసి, ఫ్లీట్ స్ట్రీట్ పక్క సందులో ఉన్న పత్రికాఫీసు పెట్టెలో గుట్టుగా వేసి వచ్చాడు. డిసెంబరులో అది 'మంత్లీ మ్యాగజైన్'లో అచ్చయింది. రచయిత పేరు లేదు, పైసా పారితోషికం లేదు. అయినా అచ్చులో చూసుకుని ఆనందంతో కళ్లు చెమర్చాయని ఆయనే తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు. ఆ పత్రికకు ఏడాదికిపైగా ఉచితంగానే రాశాడు. 'బోజ్' అన్న కలం పేరు పెట్టుకున్నాడు. లండన్ వీధులు, దుకాణాలు, గుర్రబ్బళ్లు, పేద గుమస్తాలు... అన్నీ కళ్లారా చూసి రాసినవే. 1835 వచ్చేసరికి ఇక చాలనుకున్నాడు. డబ్బివ్వలేని పత్రికకు రాయడం ఆపేశాడు. 'ఈవెనింగ్ క్రానికల్'కు రాయడానికి ఒప్పుకుంటూ అదనంగా ఏమిస్తారని అడిగాడు. వారానికి అయిదు గినీల జీతం ఏడయింది. 1836 ఫిబ్రవరిలో ఆ రచనల్లో కొన్ని కలిపి పుస్తకంగా వచ్చాయి. అది చూసిన ఓ ప్రచురణ సంస్థ, బొమ్మలకు తగ్గట్టు నెలనెలా కథ రాసిపెట్టమని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. మార్చి నెలాఖరుకల్లా 'పిక్విక్ పేపర్స్' మొదటి భాగం మార్కెట్లో ఉంది. ఆ కుర్రాడు చార్లెస్ డికెన్స్!

ఇందులో గమనించాల్సినవి రెండు. ఉచితంగా రాసినప్పుడు కూడా ఆయన రచనలు అచ్చయ్యాయి, జనం చదివారు, పేరు తెలిసింది. అంటే డబ్బుకు బదులు మరొకటి చేతికొచ్చింది. రెండోది, ఎక్కడ ఆపాలో ఆయనకు తెలిసింది. కొత్తవాళ్లు పెట్టుకోవాల్సిన నియమం కూడా అదే. పేరుతో అచ్చవుతుంది, నలుగురికీ చూపించుకోవచ్చు అంటే ఒకటి రెండు రాయొచ్చు. పేరూ లేదు, డబ్బూ లేదు, 'శాంపిల్' పేరుతో నాలుగు వేల పదాలు రాసిమ్మంటే మాత్రం... అది పరీక్ష కాదు, వెట్టి. నమూనా అడిగినవాళ్లకు ఉన్న నమూనా చూపిస్తే చాలు. అందుకేగా పోర్ట్‌ఫోలియో!

ఇంకోరకం వాళ్లూ ఉన్నారు. 'ఇంట్లో కూర్చుని రాయండి, వేలు సంపాదించండి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అంటారు. రాసేవాళ్లకు డబ్బు రావాలిగానీ రాసేవాళ్లే డబ్బు కట్టడమేమిటి? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, చాలామంది మోసపోకుండా ఉంటారు.

సర్దుకోవడమూ పనే

రాయడం ఒక ఎత్తయితే సర్దిపెట్టుకోవడం మరో ఎత్తు. అయిదారు రచనలకు మించి అక్కర్లేదు. అన్నిటికన్నా మంచిది మొదట ఉండాలి, రెండో మంచిది చివర్లో. ఒక్కోదాని పైన రెండు వాక్యాలు... ఎప్పుడు రాసింది, ఎవరికోసం, ఎన్ని పదాలు, అచ్చయిందా లేదా. అచ్చు కానిదాన్ని అయినట్టు చూపించకూడదు. 'నమూనాగా రాసింది' అని రాయడానికి నామోషీ పడాల్సిన పనేం లేదు.

అచ్చయినదైతే పేజీ మొత్తం స్కాన్ చేసుకోవాలి. పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు కనిపించాలి. రచన ముక్క మాత్రం కత్తిరించి పెట్టుకుంటే పదేళ్ల తర్వాత అది ఎందులో వచ్చిందో రాసినవాళ్లకే గుర్తుండదు. వెబ్‌సైట్లో వచ్చినదాని లింకు ఒక్కటే దాచుకుంటే సరిపోదు. సైటు మూతపడితే లింకుతోపాటు రచనా గల్లంతే. పీడీఎఫ్ తీసి మరోచోట కూడా భద్రపరచుకోవాలి.

తెలుగుకు మరో తలనొప్పి ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించింది అలాగే పంపితే, అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే అర్థంకాని పిచ్చిగీతలు కనిపిస్తాయి. సంపాదకుడు తిరిగి అడుగుతాడన్న నమ్మకం లేదు. యూనికోడ్‌లో టైపు చేయడం నేర్చుకోవాలి. చదువుకోవడానికి పీడీఎఫ్, దిద్దుకోవడానికి యూనికోడ్ ఫైలు... రెండూ పంపితే ఏ గొడవా ఉండదు.

అందరికీ ఒకే కట్ట పంపడం కూడా తప్పే. ఆసుపత్రికి ఆరోగ్య కరపత్రాలు కావాలి, కవితలు కాదు. యూట్యూబ్ ఛానల్‌వాళ్లకు చెవికి ఇంపుగా ఉండే చిన్న వాక్యాలు కావాలి, పేరాడు పొడుగు వాక్యాలు కాదు. పదిలోంచి వాళ్లకు పనికొచ్చే మూడు తీసి పంపినవాళ్లకే జవాబు వస్తుంది. 2020లో కరోనా వచ్చాక చాలా పత్రికలు పేజీలు తగ్గించుకున్నాయి, కొన్ని అచ్చే ఆపేశాయి. అలాగని రాసే పని తగ్గలేదు, చోటు మారింది. ఆడియో కథలు, వీడియో స్క్రిప్టులు, సబ్‌టైటిళ్లు, కంపెనీల తెలుగు వెబ్‌సైట్లు, ప్రకటనలు... కొత్తవాళ్లు చూపించే నమూనాల్లో వీటిలో ఒక్కటైనా ఉండటం మంచిది.

వేరొకరి పేరుతో వచ్చేట్టు రాసిపెట్టిన ప్రసంగాలూ ఆత్మకథలూ ఉంటాయి. వాటిని చూపించాలంటే ముందు వాళ్లను అడగాలి. వద్దంటే చూపించకూడదు. నోరు జారని రచయితకే రెండోసారి పని దొరుకుతుంది.

సంతకం పెట్టేముందు...

పత్రికలకు రచన పంపేటప్పుడు హామీపత్రం జతచేయమంటారు. ఇది సొంత రచన, అనువాదమో అనుకరణో కాదు, మరెక్కడా ప్రచురణకు పంపలేదు అని. దాన్ని చాలామంది మొక్కుబడిగా రాసేస్తారు. ఒకే వ్యాసం మూడు పత్రికలకు పంపి, రెండింటిలో ఒకే వారం అచ్చయితే పోయేది డబ్బు కాదు, పేరు.

హక్కుల సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాకుండా స్వతంత్రంగా రాసినదానికి మొదటి హక్కుదారు రచయితే. ఆ హక్కు మరొకరికి బదిలీ కావాలంటే నోటిమాట చాలదు, రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకనే లెక్క. ఎక్కడెక్కడో రాయకపోతే మనదేశం వరకే. హక్కులన్నీ అమ్మేసుకున్నా 'ఇది నేను రాశాను' అని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది. ఒప్పందం కాగితం వచ్చినప్పుడు 'ఈ రచనను నా నమూనాల్లో చూపించుకోవచ్చు' అన్న ఒక్క వాక్యం చేర్చమని అడిగితే ఏ పేచీ ఉండదు. అడగడానికి మొహమాటపడితేనే తర్వాత ఇబ్బంది.

కొత్త రూటు

ఆ అమ్మాయి మిర్చి వ్యాసం మళ్లీ రాసింది. 'ఎర్రబంగారం' తీసేసింది. 'కన్నీళ్లు' తీసేసింది. చేతులు వెనక్కి పెట్టుకుని బిడ్డ పక్కన పడుకున్న తల్లితో మొదలుపెట్టింది. పంపేముందు ఆ ఇల్లాలి దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించింది. పేరు వేయనా, వద్దా అని అడిగింది. 'వద్దులేమ్మా, మేస్త్రీ ఊరుకోడు' అందామె. పేరు తీసేసింది. నాలుగో నెలలో వ్యాసం అచ్చయింది. పారితోషికం వెయ్యి రూపాయలు.

పత్రిక తీసుకుని మళ్లీ ఆ ఇంటికెళ్లింది. ఆమెకు చదువు రాదు. బొమ్మవైపు చూసి, 'ఆ చేతులు నావేనా?' అంది. కాసేపు అలాగే చూసి, మడతపెట్టి బియ్యం డబ్బా మీద పెట్టుకుంది.

ఆరో నెల నిండింది. ఆ నెల రాబడి లెక్క వేస్తే... ఓ వీడియో ఛానల్‌కు రెండు స్క్రిప్టులు, ఓ ఆసుపత్రి కరపత్రం, మరో వ్యాసం, అన్నీ కలిపి నాలుగు వేల మూడొందలు. స్కూల్లో చేరితే వచ్చే తొమ్మిది వేలలో సగం కూడా కాదు. ఆ అమ్మాయి కాగితం తండ్రి ముందు పెట్టింది. దాచడానికేం లేదు. మాట ఇచ్చింది కాబట్టి రేపు స్కూలుకు వెళ్తానంది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని లెక్కంతా చూశాడు. పక్కనే ఉన్న ఫైలు తెరిచాడు. బ్యాంకు వ్యాసం, కంపోజిటరు, పచ్చళ్ల కరపత్రం, మిర్చి... ఒక్కోటీ తిరగేశాడు. ముప్ఫయ్యేళ్లు టిక్కెట్లు కొట్టిన మనిషి. లెక్కలు ఆయనకు కొత్త కాదు.

'కొత్త రూట్లో బస్సేస్తే మొదట్లో ఖాళీగానే తిరుగుద్దమ్మా' అన్నాడు. 'బస్సుందని జనానికి తెలియాలి కదా. టైం తప్పకుండా తిరిగితే, తర్వాత వాళ్లే ఎక్కుతారు.'

'మరి స్కూలు నాన్నా?'

'సాయంత్రం పూట నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పు, చాలు. పొద్దున పూట రాసుకో. ఇంకో ఆరు నెలలు చూద్దాం.'

ఫైలు మూసి ఇచ్చేస్తూ ఓ కాగితం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. అది మిర్చి వ్యాసం నకలు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, డిపోలో పాత స్నేహితుల్ని కలిసొస్తానని బయల్దేరాడు.

ఆ అమ్మాయి నోటుపుస్తకం తెరిచింది. తొమ్మిదోది. మొదటి పేజీలో కవిత రాయలేదు. వచ్చే వారం ఎవరెవర్ని కలవాలో జాబితా రాసుకుంది.